శస్త్రచికిత్స తరువాత పసివారి నొప్పి

“అడగనిదే అమ్మయినా పెట్టదు” అని మన సామెత. ఆకలి విషయమున ఇది ఎంతవరకు నిజమో తల్లులే చెప్పవలెను. నొప్పి విషయమున మాత్రము ఇది నిజమని నేను కొంత ఆలస్యముగ తెలిసికొంటిని.

కొన్ని సంవత్సరముల క్రిందట మా రెండవ అబ్బాయికి అపెండిసైటిసు వచ్చి ఆపరేషను చేయవలసి వచ్చెను. వానికి అప్పుడు తొమ్మిదేండ్లు. ఆపరేషను చక్కగా జరిగినది. మెలకువ వచ్చిన తరువాత పిల్లవాడు గోడవైపు మొగము త్రిప్పి, మోకాళ్లు పొట్టలోనికి ముడుచుకొని, కదలక మెదలక పరుండెను. ఏడ్వలేదు, అరవలేదు. చూడవచ్చిన బంధువులందరు “ఎంత బుద్ధిమంతుడు!” అని మెచ్చుకొనిరి. నేనును గర్వముగ “మావాడు వీరుడు” అంటిని. మూడవనాటికి జ్వరము వచ్చెను. డాక్టరుగారు వచ్చి గట్టిగా ఊపిరి పీల్చుమనగా వాడు సగములో ఆపి పండ్లు బిగించెను. “ఊపిరి పీలిస్తే కుట్లు లాగుతున్నాయి” అనెను. “మరి ఇన్నాళ్లు చెప్పలేదేమిరా?” అని నేనడిగితిని. వాడు నా మొగము చూడక, “చెప్తే సూది వేస్తారు నాన్నా” అనెను.

మూడు దినములు వాడు సగము ఊపిరితో బ్రతికినాడు. దగ్గవలసిన దగ్గు దగ్గలేదు. ఊపిరితిత్తుల అడుగుభాగము సరిగా విప్పుకొనక అందు కఫము నిలిచిపోయినది. నాటి రాత్రినుండి నొప్పి మందును సూదిగా గాక నోటిద్వారా వేళ తప్పక ఇచ్చిరి. మరునాటి సాయంకాలమునకు వాడు లేచి కూర్చుండెను. నేను వీరత్వమని మురిసినది భయము. ఆ తప్పు మరి యెవరిదియు కాదు, నాదే. ఇతర గృహములలో ఇట్టిది జరుగకుండవలెనను కోరికతోనే ఈ ప్రసంగము చేయుచున్నాను.

శస్త్రచికిత్సలో నొప్పిని జయించుట మానవుడు సాధించిన గొప్ప విజయములలో ఒకటి. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు మత్తుతో చేసిన శస్త్రచికిత్స లోకమునకు కొత్త దారి చూపినది. ఆ దారిలో మన హైదరాబాదునకును ఒక స్థానము కలదు. క్లోరోఫారము ప్రాణాపాయమునకు ఎట్లు దారితీయునో పరిశీలించుటకు 1888లోను, 1889లోను రెండు సంఘములు హైదరాబాదున పనిచేసినవి. డాక్టరు ఎడ్వర్డు లారీ ఆ కృషికి నాయకుడు. నిజాం ప్రభుత్వము వ్యయము భరించినది. ఆ కాలముననే రూపాబాయి ఫర్దూన్జీ అను వనిత ఇచ్చట మత్తుమందు నిచ్చు విద్యలో పేరు గాంచినది. అయితే ఆ పరిశీలన యంతయు రోగి మత్తులో నున్న గడియలను గూర్చినది. మత్తు దిగిన తరువాతి గడియల మాట వైద్యలోకము చాల ఆలస్యముగ పట్టించుకొనినది. పిల్లల విషయమున ఆ ఆలస్యము మరింత ఎక్కువ.

దీనికి కారణము ఒక అపోహ. పసివారి నరములు పూర్తిగా ఎదుగలేదు, కావున వారికి నొప్పి అంతగా తెలియదనియు, తెలిసినను జ్ఞాపకముండదనియు పలువురు వైద్యులు నమ్మిరి. నొప్పి తగ్గించు బలమైన మందులు పసివారి శ్వాసను ఆపివేయునను భయము దీనికి తోడైనది. ఫలితమేమి? 1977లో అమెరికాలో జో ఆన్ ఈలండ్ అను నర్సు పరిశోధకురాలు తన సహచరితో కలిసి ఒక లెక్క ప్రకటించినది. శస్త్రచికిత్స జరిగిన 25 మంది పిల్లలకు, ఆస్పత్రిలో నున్నంతకాలమును, అందరికిని కలిపి ఇచ్చిన నొప్పి మందు మోతాదులు 24. అట్టి జబ్బులే గల 18 మంది పెద్దలకు ఇచ్చినవి 671. పిల్లలలో 13 మందికి ఒక్క మోతాదైనను అందలేదు.

ఈ అపోహను తొలగించినవారిలో ముఖ్యుడు మన దేశస్థుడే అగుట మనకు సంతోషము. కన్వల్జీత్ ఆనంద్ ఇండోరులో వైద్యము చదివి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. ఆ కాలమున నెలలు నిండక పుట్టిన శిశువులకు, కండరములు కదలకుండ చేయు మందును, స్వల్పమైన మత్తును మాత్రమే ఇచ్చి శస్త్రచికిత్స చేయుట పలుచోట్ల వాడుక. శిశువు కదలదు, కావున నొప్పి లేదని అనుకొనెడివారు. శస్త్రచికిత్స గదినుండి తిరిగివచ్చు శిశువుల దుస్థితిని చూచి ఆనంద్ వారి రక్తమును పరీక్షించెను. కదలని ఆ శరీరములలో, బాధ కలిగినపుడు పుట్టు హార్మోనులు ఉప్పెనవలె పొంగియుండెను. ఫెంటానిల్ అను బలమైన నొప్పి మందు కూడ ఇచ్చిన శిశువులలో ఆ పొంగు తగ్గినది, తరువాతి చిక్కులును తగ్గినవి. 1987లో ఈ ఫలితము ప్రకటింపబడినది.

అయిదేండ్ల పిదప, 1992లో, ఆనంద్ తన సహచరుడు హికీతో కలిసి మరియొక పరిశోధనను వెలువరించెను. గుండెకు శస్త్రచికిత్స జరిగిన 45 మంది నవజాత శిశువులు అందు కలరు. గాఢమైన నొప్పి నివారణ నిచ్చి, దానిని శస్త్రచికిత్స తరువాత కూడ 24 గంటలపాటు విడువక సాగించిన 30 మందిలో ఒక్కరును మరణింపలేదు. అంతకు తక్కువ నివారణతో వాడుక పద్ధతిని ఇచ్చిన 15 మందిలో నలుగురు మరణించిరి. ఇది చిన్న సంఖ్యలతో కూడిన పరిశోధన. ఐనను నొప్పి తీర్చుట కేవలము దయతో చేయు ఉపకారము కాదు, చికిత్సలో భాగమని అది వైద్యలోకమునకు స్పష్టము చేసినది.

నొప్పి శరీరమును ఏమి చేయును? గుండె వేగము, రక్తపుపోటు పెరుగును. నిద్ర చెడును. అన్నము సహింపదు. పొట్టపైనను, ఎదపైనను గాయమున్న పిల్లవాడు పూర్తిగా ఊపిరి పీల్చడు, దగ్గడు. మా అబ్బాయి విషయమున జరిగినది అదే. లేచి నడువవలసినవాడు నడువడు. పసివాని జ్ఞాపకము మాటయు అబద్ధము. కెనడాలో 1997లో అన్నా టాడియో, ఆమె సహచరులు ప్రకటించిన పరిశోధన దీనికి సాక్ష్యము. పుట్టిన తొలిదినములలో నొప్పి నివారణ లేకుండ సున్తీ జరిగిన మగశిశువులు, నాలుగు నుండి ఆరు నెలల వయసున టీకా వేయించుకొనునపుడు తక్కినవారికంటె ఎక్కువ విలపించిరి. మనసునకు గుర్తు లేకున్నను నరములకు గుర్తు కలదన్నమాట.

ఇక ముఖ్యమైన ప్రశ్న. నోరు విప్పి చెప్పలేని బిడ్డ నొప్పిని ఎట్లు తెలిసికొనవలెను? నొప్పిని గూర్చి అధ్యయనము చేయు అంతర్జాతీయ సంఘము 2020లో తన నిర్వచనమును సవరించినపుడు, చెప్పలేకపోయినంత మాత్రమున నొప్పి లేదని అర్థము కాదని పేర్కొనినది. చెప్పలేని బిడ్డ విషయమున చూడవలసినవి అయిదు: ముఖము, కాళ్లు, కదలిక, ఏడ్పు, ఓదార్పు. కనుబొమలు ముడిపడి గడ్డము వణకుచున్నదా? కాళ్లు తన్నుచున్నాడా, ముడుచుకొనియున్నాడా? మెలికలు తిరుగుచున్నాడా, కొయ్యవలె బిగుసుకొనియున్నాడా? మూలుగుచున్నాడా, గుక్కపట్టి ఏడ్చుచున్నాడా? ఎత్తుకొని లాలించిన ఊరడిల్లునా, లేదా? ఒక్కొక్క గుర్తునకు సున్న మొదలు రెండువరకు అంకె వేసి, మొత్తము పదింటికి లెక్కింతురు. ఈ కొలత అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమువారు 1997లో ప్రకటించినది. నాలుగు దాటినచో ఏదో ఒకటి చేయవలెనని సాధారణ నియమము.

మూడేండ్లు దాటిన పిల్లలకు బొమ్మ ముఖములు కలవు. 1980 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికాలోని టల్సా నగరమున కాలిన గాయముల పిల్లలకు సేవచేయుచు, డోనా వాంగ్, కోనీ బేకర్ అను ఇరువురు వీనిని రూపొందించిరి. ఆరు ముఖములుండును. మొదటిది నవ్వుచుండును; చివరిది కన్నీరు కార్చుచుండును. “నీ నొప్పి వీటిలో దేనివలె ఉన్నది?” అని పిల్లవాని నడిగి, వాడు వ్రేలు పెట్టిన ముఖమును వ్రాసికొందురు. ఎనిమిదేండ్లు వచ్చినవారు సున్న మొదలు పదివరకు అంకెతోనే చెప్పగలరు. కొలత ఏదైనను అడుగుట ముఖ్యము. నిశ్చలముగ నున్నప్పుడు మాత్రమే గాక, దగ్గునప్పుడు, లేచి కూర్చుండునప్పుడు ఎట్లున్నదని అడుగవలెను. చెప్పినచో సూది వేయరనియు, నోటి మందుతోనో, ముందే అమర్చిన గొట్టము ద్వారానో మందు ఇత్తురనియు డాక్టరుగారి ద్వారా తెలిసికొని బిడ్డకు ధైర్యము చెప్పవలెను.

నేటి పద్ధతిలో ఒకే మందుపై భారము వేయరు. బిడ్డ మత్తులో నుండగనే గాయము చుట్టు తిమ్మిరి మందు ఎక్కింతురు. నాభికి దిగువ జరుగు శస్త్రచికిత్సలలో, వెన్ను చివర, పిరుదుల పైభాగమున ఒక సూదిమందిచ్చి నడుము క్రిందిభాగమును కొన్ని గంటలపాటు మొద్దుబార్తురు. మేల్కొన్న బిడ్డ “కాళ్లు బరువుగా ఉన్నాయి” అన్నచో తల్లిదండ్రులు బెదరరాదు. ఆ తిమ్మిరి విడుచునపుడు నొప్పి ఒక్కసారిగా మీదపడును. కావున అది విడువకముందే తదుపరి మందు అందవలెను. ఎప్పుడు ఇవ్వవలెనో ముందే అడిగి తెలిసికొనుట మేలు.

ఇంటిలో ఎక్కువగ వాడునది పారసెటమాల్. ఒక్కసారికి బరువులో కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి, 24 గంటలలో నాలుగు మోతాదులు అనునది వాడుకలోనున్న లెక్క; బహు చిన్న శిశువులకు డాక్టరు వేరుగ లెక్కించును. ఇక్కడ ఒక ప్రమాదము పొంచియున్నది. ఈ మందు చుక్కల రూపమున మిల్లీలీటరునకు 100 మిల్లీగ్రాములుగ దొరకును. సిరపు అయిదు మిల్లీలీటర్లకు 120గాను, 250గాను దొరకును. పన్నెండు కిలోల బిడ్డకు కావలసినది 180 మిల్లీగ్రాములు. అది 120 సిరపులో ఏడున్నర మిల్లీలీటర్లు. చుక్కలమందులో రెండు మిల్లీలీటర్లకు లోపలనే. సిరపునకు చెప్పిన కొలతను చుక్కలసీసానుండి పోసినచో నాలుగు రెట్లు పడును, కాలేయమునకు హాని. సీసాపై అక్షరములు చదువక, ఇంటి చెంచాతో కొలిచి మందు పోయరాదు. జలుబు మందులలో కూడ పారసెటమాల్ కలిసియుండవచ్చును. రెండును కలిపి ఇయ్యరాదు.

ఐబుప్రోఫెన్ మరియొక మంచి మందు. ఐనను ఒంటిలో నీరు తగ్గిన బిడ్డకు, మూత్రపిండముల జబ్బు గలవానికి, రక్తస్రావ భయమున్న వానికి డాక్టరు అనుమతి లేనిదే ఇయ్యరాదు. ఆస్పిరినును పిల్లలకు నొప్పి మందుగ ఇయ్యరాదు. మెదడును, కాలేయమును దెబ్బతీయు అరుదైన జబ్బునకు అది కారణము కావచ్చును. నిమెసులైడును పన్నెండేండ్ల లోపు పిల్లలకు వాడుటను భారత ప్రభుత్వము 2011లో నిషేధించినది. కోడీన్ కథ విచిత్రమైనది. అది కాలేయమున మార్ఫినుగ మారి పనిచేయును. కొందరి శరీరము దానిని మార్చనే మార్చదు; కొందరి శరీరము అతివేగముగ మార్చివేయును. టాన్సిల్సు తీయించుకొనిన కొందరు పిల్లలు ఈ కారణముననే శ్వాస ఆగి మరణించిరి. అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ 2013లో దీనిపై తీవ్రమైన హెచ్చరిక చేసి, 2017లో కోడీనును, నొప్పికి ట్రమడాలును పన్నెండేండ్ల లోపువారికి కూడదనినది. కావున పెద్దల కిచ్చిన మాత్రను విరిచి పిల్లవానికి పెట్టుట ఎన్నడును కూడదు.

పెద్ద శస్త్రచికిత్సలకు మార్ఫిను వంటి బలమైన మందు అవసరమగును. అలవాటు పడునేమో అని తల్లిదండ్రులు భయపడుదురు. ఆస్పత్రిలో, శ్వాసను కనిపెట్టి చూచుచు, కొలది దినములు తగిన మోతాదులో ఇచ్చుటకును, వ్యసనమునకును చాల దూరము. బడియీడు పిల్లలకు, అనగా ఆరేడేండ్లు దాటినవారికి, కొన్ని ఆస్పత్రులలో ఒక మీటను చేతికిత్తురు. నొప్పి తోచినప్పుడు నొక్కినచో యంత్రము కొలిచిన మందు మాత్రమే పంపును. వెంటవెంటనే నొక్కినను పంపదు. నిద్రమత్తులో నున్న బిడ్డ మీట నొక్కడు. అందే రక్షణ కలదు. అందుచేత ప్రేమతోనైనను అమ్మగాని, అత్తగాని ఆ మీట నొక్కరాదు.

ఇంటికి వచ్చిన తరువాతనే మనము ఎక్కువగా పొరపడుచున్నాము. టాన్సిల్సు తీయించుకొనిన పిల్లలను గూర్చి అమెరికాలో 2009లో వెలువడిన పరిశోధన చూడుడు. మొదటి దినమున పిల్లలకు నొప్పి ఎక్కువగ నున్నదని నూటికి 86 మంది తల్లిదండ్రులు గుర్తించిరి. ఐనను నూటికి 24 మంది ఆ దినమంతయు ఒక్క మోతాదు మాత్రమే ఇచ్చిరి, లేదా అదియు ఇయ్యలేదు. నొప్పిని చూచియు మందు ఇయ్యలేదు! మందు విషమను జంకు, ఓర్చుకొనుట మంచిదను నమ్మకము ఆ దేశమున గూడ కలవన్నమాట. తొలి రెండు మూడు దినములు నొప్పి వచ్చువరకు వేచియుండక, డాక్టరు చెప్పినచో గడియారము చూచి మందు ఇయ్యవలెను. టాన్సిల్సు గొంతునొప్పి వారము, పదిదినములు ఉండును. మందు ఇచ్చిన అరగంటకు చల్లని పానీయము త్రాగించినచో గొంతు దిగును. ఒక కాగితముపై మందు పేరు, వేళ, కొలత వ్రాసి గోడకు అంటించుట చిన్న పనియే, కాని రెండుమార్లు పోయుట, మరచుట రెండింటిని అది తప్పించును.

మందుతోపాటు మాట కూడ పనిచేయును. ముందుగ “ఏమీ నొప్పి ఉండదు” అని అబద్ధమాడరాదు. ఆ మాట తప్పిన తరువాత బిడ్డ మరే మాటను నమ్మడు. “కొంచెము నొప్పి ఉంటుంది, ఉన్నప్పుడు మాతో చెప్పు, తగ్గించే మందు ఉంది” అనవలెను. చంటిబిడ్డకు తల్లి ఒడి, చనుబాలు గొప్ప ఓదార్పు. కొంచెము పెద్దవారిచే సబ్బునీటి బుడగలు ఊదించినచో ఆటయు అగును, దీర్ఘశ్వాసయు అగును. కథ, పాట, రేడియోలోని బాలల కార్యక్రమము మనసును మరల్చును. ఐతే ఇవి మందునకు తోడు మాత్రమే, మందునకు బదులు కావు.

పదమూడు మొదలు పందొమ్మిదివరకు వయసువారి సంగతి వేరు. “మగవాడవు, ఏడ్వవచ్చునా?” అని అబ్బాయిని, “ఆడపిల్లకు ఓర్పు ఉండాలి” అని అమ్మాయిని మనమే మౌనమునకు అలవాటు చేయుచున్నాము. వారికి సిగ్గును, ఏకాంతము కావలెనను కోరికయు ఉండును. శస్త్రచికిత్సకు ముందే వారితో సూటిగా మాట్లాడి, నొప్పి ఎన్నాళ్లుండునో, ఎట్లు తగ్గింతురో డాక్టరుగారిచేత చెప్పింపవలెను. వెన్నెముకను సరిచేయుట వంటి పెద్ద శస్త్రచికిత్సల తరువాత, ఏడాది గడచినను అయిదుగురిలో ఒకరికి నొప్పి మిగిలియుండునని పరిశోధనలు చెప్పుచున్నవి. శస్త్రచికిత్సకు ముందునుండియు నొప్పి, దిగులు ఉన్నవారికి ఇది ఎక్కువ. అట్టి పిల్లను “నటించుచున్నది” అనక, మరల వైద్యునికి చూపవలెను. బలమైన మాత్రలు మిగిలినచో అల్మారాలో తాళము వేసి, అవసరము తీరిన తరువాత తొలగించివేయవలెను.

కొన్ని గుర్తులు కనబడినపుడు జాగు చేయరాదు. మందు ఇచ్చినను నొప్పి తగ్గక పెరుగుచుండుట, పొట్ట ఉబ్బి వాంతులగుట, జ్వరము, గాయము ఎఱ్ఱబారి చీము కారుట, సిమెంటుకట్టు వేసిన చేతివ్రేళ్లు గాని, కాలివ్రేళ్లు గాని నీలముగ మారి మొద్దుబారుట, టాన్సిల్సు తరువాత నోట రక్తము కనబడుట, లేదా నిద్రలో మాటిమాటికి గుటకలు మ్రింగుట, అన్నిటికంటె ముఖ్యముగ, లేపినను లేవనంత మత్తు, శ్వాస మందగించుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారువరకు ఆగక ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

మా అబ్బాయి నేడు పెద్దవాడైనాడు. పొట్టపై వ్రేలెడు మచ్చ తప్ప ఆ ఆపరేషను గుర్తులేవియు లేవు. మొన్న వాని చెల్లెలు చేయి విరిగి కట్టు వేయించుకొని వచ్చినపుడు, మేమెవ్వరము నోరు తెరువకముందే వాడు ఆమె ప్రక్కన కూర్చుండి, “ఎంత నొప్పి? పదిలో ఎంత?” అని అడిగెను. ఆ పిల్ల కొంచెము ఆలోచించి “ఏడు” అనెను. వాడు లేచి గడియారము చూచి, మందుసీసాపై అక్షరములు చదువనారంభించెను.